మాఘం దాకా ఓర్చుకోమన్నాను

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. చలికాలంలో కట్టి చూడమని మాత్రం ఎవరూ అనలేదు, ఆ తెలివి నాదే. వేరుశనగ చేను సోలార్ ప్లాంటుకు కౌలుకిచ్చాక, పావగడ దగ్గర వల్లూరులో మా పాత మట్టి మిద్దె పడగొట్టి అదే జాగాలో కొత్త ఇల్లు మొదలుపెట్టాను. అది లేచేదాకా నేనూ నా భార్యా పక్కనే రేకుల షెడ్డులో ఉన్నాం.

నాది ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ పని, ఆమెది పలకలు కడిగే పని. సాయంత్రం వస్తూనే కొంగు బిగించి కొత్త గోడలకు నీళ్లు కొట్టేది. ఇంక చాలని మేస్త్రీ చెప్పినా వినేది కాదు.

"పొద్దంతా సోలార్ పలకలకు పోస్తా, మాపటేళ నీ గోడలకు పోస్తా. నా ఒంటికి పోసుకునేది ఎప్పుడప్పా?" అని నవ్వేది.

కార్తీకంలో స్లాబు వేశారు. తలుపులు పెట్టేసరికి ధనుర్మాసం వచ్చింది. గృహప్రవేశానికి అయ్యవారు మాఘమాసంలో ముహూర్తం పెట్టాడు. అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది. చెట్టూ చేమా లేని బయలు మీదుగా గాలి సూటిగా వచ్చి రేకులకు కొట్టేది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆమె వణుకు ఆగేది కాదు.

"అంత పెద్ద ఇల్లు ఖాళీగా ఉండాది. లోపల ఒక మూల పండుకుంటా" అంది.

"పాలు పొంగించకుండా కొత్తింట్లో ఎవురన్నా పండుకుంటారా? మాఘం దాకా ఓర్చుకో."

"నీళ్లు కొట్టేదానికి లోపలికి పోవచ్చునంట, పండుకునేదానికి పోగూడదా?"

గదిమాను. రెండు రోజులకు మళ్లీ అడిగింది, మళ్లీ గదిమాను. ఆ తర్వాత అడగలేదు. గెలిచాననుకున్నాను. ఇంటికి అరిష్టం తగలకూడదని నా భయం. అరిష్టం రేకుల కింద మా పక్కనే ఉందని తెలియని మొద్దును.

జ్వరం ముదిరాక పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాను. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. నాలుగో రోజు పోయింది.

అంబులెన్సు కొత్త ఇంటి ముందు ఆగింది. నేను తలుపు తాళం తీయబోతుంటే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"పాలు పొంగించని ఇల్లన్నా. వదినను లోపలికి ఎత్తుకపోగూడదు. ఈడే వాకిట్లో పండబెడదాం" అన్నాడు.

తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాను. వాడన్నది నా మాటే కదా. ఆమెను వాకిట్లోనే పడుకోబెట్టారు. జనం ఆమెను చూసి ఏడ్చారు. నేను మూసిన తలుపును చూసి ఏడ్చాను.

ఏడాది మైల తీరాక, మాఘంలోనే గృహప్రవేశం జరిగింది. భార్య పోయినవాడు పీటల మీద కూర్చోకూడదని తమ్ముడూ మరదలూ కూర్చున్నారు. నేను వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ తిరిగాను. పాలు బాగా పొంగాయి, మంచి శకునమన్నారు అందరూ. మరదలు మొదటి గ్లాసు నాకే తెచ్చి, "తాగు బావా" అంది. ఇంటి యజమానిని, కాదనకూడదు. తాగాను. ఈ గ్లాసెడు పాల కోసమే ఆమెను చలిలో ఉంచాను.