నర్సింహన్న బోర్లించిన గ్లాసు

నిన్న పొద్దున ఫోన్ రాగానే మా ఆయన అలాగే మంచం మీద కూలబడ్డారు.

"నర్సింహన్న పోయిండట."

గుండెపోటు. మన్నెగూడలో ఇంట్లోనే. దవాఖానకు తీసుకుపోయేలోపే.

మొన్న సాయంత్రం మా ఇంట్లో చాయ్ తాగి వెళ్లిన మనిషి!

నేను ఇలా ఫోన్‌లో అందరూ చదివేలా ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఏడో తరగతి దాకే చదివాను. కానీ ఇది రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మా ఆయనకు జావా అనే కంప్యూటర్ భాష నేర్పింది ఆఫీసులో సీనియర్ అయిన నర్సింహన్నే.

మా పెళ్లయిన మరుసటేడు సంగతి. మా ఆయన రాసిన వెబ్ సర్వీస్ అనే ప్రోగ్రాం ఒక దవాఖానలో రక్త పరీక్షల రిపోర్టులు చూపించేది. ఒక పొద్దున అక్కడి నుంచి ఫోన్. ఒకామె రిపోర్ట్ తెరిస్తే వేరే మనిషి పేరు, వేరే మనిషి బ్లడ్ గ్రూప్ వచ్చాయట. నర్సు చూసి రక్తం ఎక్కించకుండా ఆపింది కాబట్టి సరిపోయింది.

అన్న వెంటనే బండేసుకుని ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చేశారు. ముందు గదిలో రెండు లాప్‌టాప్‌లు. ఎన్నిసార్లు చూసినా పేర్లు సరిగ్గానే వస్తున్నాయి.

నేను చాయ్ పెట్టేసి లోపలికి పోబోయాను.

"చెల్లె, ఆగు. ఇద్దరం ఒక్కసారే నొక్కాలె. వీడు వచ్చిన పేర్లు రాసుకుంటడు. నువ్ కూసో."

"నాకు రాదన్నా."

"ఒక్కటే బటన్. స్టవ్ అంటిస్తలేవా? గంతే. మూడు అనంగనే నొక్కు."

ఒకటి, రెండు, మూడు. సరిగ్గానే వచ్చింది.

మళ్లీ. మళ్లీ.

నాలుగోసారి నేను అడిగింది లక్ష్మమ్మ రిపోర్ట్, అన్న అడిగింది మల్లయ్యది. నాకు ఇంగ్లీషులో వచ్చిన పేరు కూడబలుక్కుని చదివాను.

"మల్లయ్య."



అన్న తన చాయ్ గ్లాసు పైకెత్తారు.

"చెల్లె, మీ ఇంట్ల మంచినీళ్ల కుండ అందరికి ఒక్కటే. గది మంచిదే. గని నేను తాగుతుండంగ ఇదే గ్లాసుల ఇంకొకరికి పోస్తవా?"

"ఛీ, పొయ్యనన్నా."

"నీ మొగడు గదే చేసిండు! ఒక్కటే ఆబ్జెక్ట్, అంటే ఒక్కటే గ్లాసు అనుకో, పెట్టి, వచ్చినోళ్ల పేరు అండ్లనే పోసిండు. ఇద్దరు ఒక్కసారే వస్తే ఒకరిది ఇంకొకరికి పోయింది."

ఏది అందరిదో, ఏది ఒక్కరిదో, ఎంతసేపు ఉండాలో చూసుకోవడాన్నే స్కోప్ అంటారట. రిపోర్ట్ కావాలని వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కూ దాని ఆబ్జెక్ట్ దానికే ఉండాలట. పని కాగానే అది పోవాలట.

మా ఆయన అన్న చెయ్యి పట్టుకున్నారు. "అన్నా, ఎవ్వలకు చెప్పకు. గంటల సరిజేస్త. నౌకరి పోతది."

నాకప్పుడు ఐదో నెల. అన్న సరే అనాలని నేనూ మనసులో మొక్కుకున్నాను. ఇవాళ సిగ్గు విడిచి చెబుతున్నాను.

"ఆ గంటల ఎవరికన్న తప్పు రక్తం ఎక్కిస్తే?"

అంతే. అన్న ఫోన్ తీసి దవాఖానకు కలిపారు.

"సర్వీస్ ఆపుండ్రి. ఇప్పుడే. రిపోర్టులు కాగితం మీదనే చూడుండ్రి. కోడ్ చూసి సరే అన్నది నేను. తప్పు నాది."

మధ్యాహ్నానికి సరిచేశారు. మళ్లీ నేనే కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు అంటూ నా వేలు నొప్పి పుట్టేదాకా నొక్కించారు. లక్ష్మమ్మ లక్ష్మమ్మే. మల్లయ్య మల్లయ్యే.

తర్వాత అన్న తన గ్లాసు తానే కడిగి వంటింటి గట్టు మీద బోర్లించారు. అత్తమ్మ లబలబలాడింది. "అయ్యో కొడుకా, నువ్ కడుగుడేంది!"

"పని అయినంక బోర్లియ్యాలె పెద్దమ్మా. నీ కొడుక్కు నేర్పుతున్న."

అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా అంతే.

మా ఆయన ఉద్యోగం నిలిచింది. ఆ ఏడు అన్నకు రావాల్సిన ప్రమోషన్ మాత్రం ఆగిపోయిందట. నిన్న వదిన చెబితేనే మాకు తెలిసింది. ఇన్నేళ్లలో ఆయన ఒక్క మాట అనలేదు.

అన్నా, మొన్న నువ్వు బోర్లించిన గ్లాసు గట్టు మీదే ఉంది. తీసి లోపల పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఇగ ఎవ్వల తప్పు నీ మీద ఏసుకునే పని లేదు.

నిమ్మళంగ పండుకో అన్నా.