పూడ్చిన గుంత మీది గోడ

గుడియాత్తంలో కాంట్రాక్టరు సురేంద్రన్ గాయత్రికి కట్టి ఇచ్చిన ఇల్లు తూర్పు మూల దిగబడి, గోడ వేలు దూరేంత బీట తీసింది. సిమెంటు పూసి రంగేస్తే చాలని అతను కూలీలను తెచ్చాడు. అలా పూయడం అది మూడోసారి. ముప్పై ఏళ్లుగా ఇసుక, కంకర మోస్తున్న పచ్చయమ్మ ఈసారి తట్ట కింద పెట్టేసింది.

“కింద మన్ను దిగతా ఉంటే పైన పూసి ఎవుర్ని ఏమార్చేది?” అంది.

“మోసేదానివి, పునాది సంగతి నీకేం తెలుసు?” అన్నాడు సురేంద్రన్.

పచ్చయమ్మకు ఒళ్లు మండింది. “పునాది తవ్విన దినం నేనూ ఉంటిని కదప్పా. ఈ మూల ఇటుకలకి మన్ను తీసిన గుంత. చెప్తే, నోరు మూసుకోని పూడ్చమంటివి.”

గడ్డపార అందుకుని ఆమే తవ్వింది. నాలుగడుగుల లోతున కూడా పెంకులు, చెత్తే వచ్చాయి.

గాయత్రి సురేంద్రన్‌ను వదల్లేదు. గోడకు ఆసరా పెట్టించి, గట్టి నేల తగిలేదాకా కొంచెం కొంచెంగా తవ్వించి, కాంక్రీటు పోయించింది. గోడ నిలిచింది.

లోపం తనే పట్టానని సురేంద్రన్ ఊరంతా చెప్పుకున్నాడు. పచ్చయమ్మను మళ్లీ పనికి పిలవలేదు. ఆమె ఇప్పుడు బస్సెక్కి వేలూరు పనికి పోతోంది.

“తవ్వింది నేను, కనిపెట్టింది ఆయనంట,” అని బస్సులో పక్కనున్న ఆడవాళ్లతో ఇప్పటికీ అంటుంది.