పాలపుంత మీద లాలు దిగులు

అందుకే చెబుతున్నా, మణుగూరు బొగ్గుగనిలో డంపర్ నడిపే లాలు దగ్గర మీరు మాత్రం ఆకాశం ఊసెత్తకండి. ఫోన్లో ఓ వీడియో చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. మన పాలపుంతలో ఏడాదికి ఏవో కొద్ది చుక్కలే పుడతాయట. దూరపు గెలాక్సీల్లో కొన్నింట వందలకొద్దీ పుట్టేవట. విశ్వం మొత్తంలోనూ వెయ్యి కోట్ల ఏళ్ల కిందటి జోరు ఇప్పుడు లేదట. గనిలో షిఫ్టు షిఫ్టుకీ టార్గెట్ అడిగించుకునే మనిషి కదా, లాలుకు ఇది నామోషీగా తోచింది.

"చుక్కలు పుట్టే గ్యాసు గింత ఉన్నది, చుక్కలేమో లేవు. గాడ మేనేజరు పండుకున్నడే," అన్నాడు భార్య పూలితో.

పూలి మిరపతోట గట్టు మీద నిలబడి ఉంది. మోటారు స్టార్టరు కాలిపోయి, నీళ్లందక పూత రాలుతోంది.

"బాయిల నీళ్లున్నయ్, తోటకేమో వస్తలేవు. మరి ఈడ పండుకున్న మేనేజరు ఎవడయ్యా?" అంది పూలి.

లాలు స్టార్టరును సంచిలో వేసుకుని, బాగుచేయించడానికి బండెక్కాడు. దారిలో టీ కొట్టు దగ్గర బావమరిది శ్రీను కనిపించి, "ఏంది బావా, దిగులుగున్నవ్?" అని అడిగాడు.

"మన పాలపుంత సంగతి తెల్వదా నీకు?" అంటూ లాలు బండికి స్టాండు వేశాడు. మెకానిక్ షట్టరు దించే వేళకు ఆయన ఇంకా దూరపు గెలాక్సీల దగ్గరే ఉన్నాడు. స్టార్టరు సంచి బండికే వేలాడుతోంది.