బోలు పలికిన రాయి

పెద్దనాయన ఇక లేడని పోయిన మంగళవారం తర్లుపాడు నుంచి అన్న ఫోన్ చేశాడు. "పొద్దున టీ తాగతా ఉండాడమ్మా, గ్లాసు దించకముందే పోయినాడు" అన్నాడు. పలకరాయి దుమ్ము ఏళ్ల తరబడి ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. తెలిసిన సంగతే అయినా ఏడుపు ఆగలేదు.

మార్కాపురం చుట్టుపక్కల పలకరాయిని ఉలితో చీల్చడంలో ఆయనది పేరున్న చెయ్యి. ఏ రాయినైనా ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటే మంచిది, బోలు పలికితే తేడా ఉన్నట్టు. "మనిషి దాస్తాడు గానీ రాయి దాయదు" అనేవాడు. పెళ్లిచూపుల్లో మా ఆయన భుజం కూడా తట్టి చూశాడు. ఏం వినిపించిందో మాత్రం చెప్పలేదు.

మూడేళ్ల కిందట నేను పనిచేసే ఎగుమతి కంపెనీ, ఆ పనితనం చూపించడానికి ఆయన్ని ఇటలీలో రాళ్ల ప్రదర్శనకు పంపింది. మాట సాయానికి నేను వెంట వెళ్లాను. చివరి రోజు సియెనా ఊరి నడిబొడ్డున, మధ్యయుగాల నాటి చౌకు చూడబోయాం. ఇటుకలు పరిచి, మధ్యమధ్య తెల్లరాతి గీతలు దించి, నేలనంతా చేటలా ఒక పక్కకి వాల్చారు. అందరూ తలెత్తి గడియారపు గోపురాన్ని ఫోటోలు తీస్తుంటే, ఆయన తల దించి నేలనే చూశాడు.

"చూసినావా, ఎంత వాన పడినా నీళ్లన్నీ ఒక్కతట్టుకే పోతాయి. పెద్ద పనోళ్లమ్మా!"

చెప్పులు విప్పి చేతపట్టుకుని, గీత వెంబడి రాళ్లు వేలితో తడుతూ వంగి నడిచాడు. ఒకచోట ఆగాడు.

"ఇది బోలు పలుకుతాంది. ఆ పోలీసాయనకు చెప్పు. ఎవురన్నా కాలు మడతపడి పడతారు."

జనం నవ్వుతూ చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పోలీసు దగ్గరికి వెళ్లి, నెత్తిమీద అంత గడియారం ఉండగా టైమెంతని అడిగి వచ్చి, "చెప్పినా పెద్దనాయనా" అన్నాను.

ఆ తర్వాత కలిసినప్పుడల్లా అడిగేవాడు: "ఏమ్మా, ఆ రాయి సరిజేసినారంటనా?"

"చేసినారంట" అనేదాన్ని. ఆయన మొహం తేటపడేది. అంతగా నమ్మిన మనిషికి అబద్ధం చెప్పానన్న బాధ ఇప్పుడు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

నిన్న ఆదివారం, ఆయనతో పనిచేసినవాళ్లే సమాధి మీద పలకరాళ్లు పరిచారు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. నేను కూర్చుని ఒక్కో రాయీ తట్టాను. కాళ్ల వైపు మూడోది తేడాగా పలికింది. అంతమందీ చూస్తున్నారు. మేస్త్రీ వైపు తిరిగి గట్టిగానే అన్నాను.

"అన్నా, ఇది బోలు పలుకుతాంది."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ వచ్చి, తట్టి, విని, రాయి లేపాడు. కింద మట్టి కుంగి ఉంది. దోసెడు తడి ఇసుక వేసి, సర్ది, మళ్లీ పరిచాడు. "నువ్వే చూడమ్మా" అని పక్కకి జరిగాడు.

వేలు మడిచి తట్టాను. ఖంగుమంది.