నాకోసం తెరిచిన కిటికీ

వైజాగ్ పోర్టులో వేలమంది పనిచేసే రోజుల్లో, జీతాలనాడు నా ఒక్కడికోసం వేరే కిటికీ తెరిచేవారు. అందరూ ఎండలో బారులు తీరి నిలబడితే, నేను నీడన నడిచివెళ్ళి, పేరు చెప్పకముందే డబ్బు అందుకునేవాణ్ణి. ఈ మాట మనవలకి చెప్పాను. గాజువాక టీ కొట్లో చెప్పాను. ఒకసారి రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి చెబితే, ఆయన గౌరవంగా జరిగి తన సీటులో సగం ఇచ్చాడు.

కిటికీ ఉన్నమాట నిజం. నా ఒక్కడికోసం అన్నది కాస్త సాగదీశాను. జీతంలో కోత పడినవాళ్ళందరికీ అదే కిటికీ. వడ్డీవ్యాపారి కోర్టుకి లాగినవాళ్ళు, వదిలేసిన పెళ్ళానికి భరణం కట్టేవాళ్ళు, అందరం అక్కడే. నీడ మరుగుదొడ్డి గోడది. పేరు చెప్పకముందే ఇచ్చేవారన్నది మాత్రం అచ్చంగా జరిగిందే. గుమాస్తాకి మా ముఖాలన్నీ కంఠతా వచ్చు.

నన్నక్కడికి చేర్చింది మా బావ, అక్క మొగుడు. నేను ఓడల మీద వించి నడిపేవాణ్ణి, సరుకు ఎత్తి దించే యంత్రం. సరుకు కదలకుండా ఓడ అడుగున చెక్కలు పరిచి ఉంచుతారు. సరుకు దిగాక వాటిని వేలం వేస్తారు. మావైపు చాలా ఇళ్ళ తలుపులూ మంచాలూ ఆ ఓడచెక్కతో చేసినవే. స్టీలుప్లాంటు కడుతున్న కాలం కావడంతో షెడ్లకీ పాకలకీ చెక్క ఎంతున్నా చాలేది కాదు. బావ కూర్మన్నపాలెం జంక్షన్లో డిపో పెట్టాడు. సేల్స్ టాక్సు రిజిస్ట్రేషనుకి జామీను కావాలని నా దగ్గరికొచ్చాడు.

"సంతకమే కదా బావా! నీ సొమ్మేటి అడగలేదు" అన్నాడు.

పర్మనెంటు ఉద్యోగినని ఆ ఆఫీసులో నాకు కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చుంటే ఇంకో రెండు సంతకాలైనా పెట్టబుద్ధయింది.

చెక్క బాగానే అమ్ముడయింది. బావ కొన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేశాడు గానీ సర్కారుకి కట్టలేదు. ఆ డబ్బుతో ఇంకో ఓడ చెక్క వేలంలో పాడాడు. నోటీసులొస్తే సొరుగులో పడేశాడు. చివరికి సేల్స్ టాక్సువాళ్ళు జామీనుదారు ఎవడా అని వెతికి, నెలనెలా నా జీతంలో కోయమని పోర్టుకి రాశారు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆవిడ బావని తిడుతుంది, అక్క ఏడుస్తుంది, మధ్యలో నా అన్నం చల్లారుతుంది. జీతం తగ్గిందేమని అడిగితే, నన్ను పెద్ద ఉద్యోగస్తుల కిటికీకి మార్చారన్నాను.

"పెద్దోల్లకి తక్కువిత్తారేటి?"

"మిగతాది పీఎఫ్‌లో దాస్తారు. రిటైరైనాక ఒకేసారి ఇస్తార్లే."

ఇంకేమీ అడగలేదు. నమ్మిందనుకుని సంతోషించాను.

మా ఆవిడకి రెండు గేదెలు. ఒకటి ఒట్టిపోయింది. ఒక్కదాని పాలు ఖాతాలవాళ్ళకి చాలక, ఒక్కో ఇల్లూ వేరేవాళ్ళ దగ్గరికి జారిపోతోంది. సబ్బవరంలో ఒక పాడిగేదెని చూసి బయానా ఇచ్చి వచ్చింది. పున్నమిలోగా మిగతా సొమ్ము ముట్టజెప్పకపోతే బయానా పోతుంది, గేదే పోతుంది. డబ్బుకి కొదవలేదు. ఏళ్ళ తరబడి పాలమీద మిగిల్చింది బ్యాంకులో ఉంది. తన పేరునైతే వేలిముద్రకి ప్రతిసారీ తనే రావాలి, పాలవేళ తప్పుతుంది అని ఖాతా నా పేరున తెరిపించింది.

పున్నమి నాలుగురోజులుందనగా ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. గుమాస్తా లోపలికి వెళ్ళి వచ్చి, నా వంక జాలిగా చూశాడు.

"ఈ ఖాతా ఎటాచ్ చేశారండీ. సేల్స్ టాక్సు వాళ్ళ ఆర్డరు. వాళ్ళు వదిలేదాకా పైసా తియ్యడానికి లేదు."

మా ఆవిడ అతన్ని చూడలేదు. నన్నే చూసింది.

"ఏటి మావా, ఇదీ పెద్దోల్ల కిటికీయేనా?"

దారిలో మొత్తం కక్కేశాను.

ఆ తర్వాతి ఘట్టం నేను చాలాకాలం ఇలా చెప్పేవాణ్ణి. తిన్నగా సేల్స్ టాక్సు ఆఫీసరు గదిలోకి వెళ్ళి బల్ల గుద్దాను. "సార్, ఓడచెక్క అమ్మింది గేదా?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆర్డరు వెనక్కి తీసుకున్నాడు.

నేను గుద్దిన బల్ల లేదు. ఆఫీసు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాను. స్టాండు విరిగిందని మా ఆవిడతో చెప్పాను. నిజానికి స్టాండు బాగానే ఉంది. లోపలికి వెళ్ళింది తనే. తెరిచిన తలుపులోంచి మాటలు వినిపించాయి.

"బాబూ, అవి నా పాలడబ్బులు. ఈయన సంతకమెడితే నా గేదేటి సేసినాది?"

"ఖాతా ఆయన పేరున ఉందమ్మా. మాకు కనిపించేది ఆ పేరే."

"గేదె కనపడదేటి? తోలుకొత్తాను, సూడండి."

ఆఫీసరు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతోనే పని అయిపోయిందని నాకు తెలిసిపోయింది. బ్యాంకు డబ్బు వదిలారు. బావ తేరుకున్నాక నా జీతమూ మామూలు కిటికీకి వచ్చేసింది. సబ్బవరం గేదె మా గుమ్మంలోకొచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, రెండు కొమ్ములూ వెనక్కి మెలితిరిగి, చూడడానికి వీధంతా వచ్చారు. పూటకి ఆరు లీటర్లిచ్చేది. సరే, నాలుగు.

ఇదంతా రాసి మొన్న మధ్యాహ్నం మా ఆవిడకి చదివి వినిపించాను. అబద్ధాలన్నీ నేనే ఒప్పుకున్నాను గనక మెచ్చుకుంటుందనుకున్నాను. చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా వింది.

"అయిపోనాదేటి?"

"అయింది. ఈసారి అంతా నిజమే."

"ఆపీసరు నవ్వీసి వదిలీసినాడేటి? సగం బాకీ కడితేగానీ బేంకుకి రాయనన్నాడు. మర్నాడు నువ్వు డూటీకెల్లినాక, ఒట్టిపోయిన గేదెని తోలుకెల్లి మీ బావ డిపో గేటుకి అడ్డంగా కట్టీసినాను. 'అన్నయ్యా, నా డబ్బులొచ్చినదాకా ఇదిక్కడే ఉంటాది, గడ్డెయ్యి' అన్నాను. లారీ లోపలికెల్లనేదు, బయటికి రానేదు. అప్పుడు దిగొచ్చి, ఉన్న సెక్కంతా వొచ్చిన ధరకి అమ్మీసి కట్టినాడు."

"గేదె ఏదని నేను అడిగాను కదా! మేతకి పంపానన్నావు."

"నమ్మీసినావు."

నేను కాగితాలు మడవబోయాను.

"ఉండు, అవనేదు. మీ బావ కట్టేతలికి పున్నం దాటిపోనాది. బయానా పోనాది. సబ్బవరం గేదెని ఇంకెవులో తోలుకుపోనారు. అది మనింటికి రానేలేదు. నువ్వు రాసినది అనకాపల్లి సంతలో కొన్న దాని గురించి. దానికి ఉన్నది ఒక్క కొమ్మే."