మందు పెట్టిన గింజలు

ఈ ఉదయం జంగ్లీఘాట్‌లో స్వీట్ కార్న్ విత్తనాలు కొన్నాను. ప్యాకెట్ మూల చిరిగి, గింజలకు పట్టించిన గులాబీ రంగు మందు పొడి వేళ్లకు అంటింది. ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ చేత్తో అన్నం కలుపుకోవడానికి భయమేసింది. నాలుగేళ్ల కిందట, మొదటిసారి మొక్కజొన్న వేద్దామనుకున్న రోజు నుంచీ ఆ రంగంటే నాకు ఇలాగే ఉంటుంది.

బతు బస్తీలో మా ఇంటి వెనక నాలుగు బారల నేల ఉంది. చేపల వేట తప్ప మా ఇంట్లో ఎవరికీ ఏదీ పండించడం రాదు. నేను పుస్తకాల్లో చదివి, వరుసకీ వరుసకీ మధ్య దూరం డైరీలో గీసుకున్నాను గానీ మట్టి ముట్టింది లేదు. అనుభవమంటే మామ్మదే. పెళ్లై ఈ దీవికి రాకముందు శ్రీకాకుళం వైపు పొలం కూలికి వెళ్లేదట. ఆ రోజు విత్తనాలమ్మిన దుకాణం భయ్యా "దవా లగా హై" అన్న మాటను నేను ఆమెకు తెలుగు చేసి, మందు పెట్టిన గింజలట అని చెప్పాను.

"మందైతే మంచిదే కదే గుంటా. ఒంటికి పడతాది," అంది మామ్మ.

మన భాషలో రోగానికి వేసేదీ మందే, పురుగును చంపేదీ మందే. ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది. కానీ నేను జవాబులన్నీ లోపలే పూర్తి చేసుకునే మనిషిని. నవ్వి ఊరుకుని, ఆ మాట బాగుందని డైరీలో రాసుకోవడానికి గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మామ్మ గట్టు మీద కూర్చుని నములుతోంది. పెదవులు గులాబీ రంగులో ఉన్నాయి. గట్టిగింజో తాలుగింజో కొరికి చూసి గానీ విత్తకూడదని వాళ్ల ఊరి పద్ధతి.

నాన్న వేటకు వెళ్లాడు, అమ్మ పనిలో ఉంది. ఎవరినీ గొంతెత్తి పిలిచి ఎరగని నేను ఆ రోజు పక్కింటి దీదీ కోసం వీధంతా వినబడేలా అరిచాను. ఆటోలో మామ్మ పక్కన ఆ ప్యాకెట్ పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రిలో డాక్టరు ప్యాకెట్ తిప్పి చూసి, ఎన్ని గింజలని హిందీలో అడిగాడు. నాకు తెలియదు. ఆమె నమిలే వేళకు నేను గదిలో రాసుకుంటున్నాను. మామ్మను తెలుగులో అడిగాను.

"మూడు. రెండు ఊసేసినాను," అంది మామ్మ. తరవాత నా వైపు తిరిగి, "ఏటే అలా సూత్తావు? మింగింది ఒక్కటే. దానికే సచ్చిపోతానేటి?" అంది.

ఆరు గంటలు కనిపెట్టుకుని ఉండమన్నారు. మామ్మ నిద్రపోయింది. నేను ఆమె రొమ్ము లేచి దిగడం చూస్తూ, ఎదుటి గోడ మీది గడియారం ముల్లుతో కలిపి లెక్కపెట్టాను. ఒకసారి ఊపిరి కాస్త ఆలస్యమైతే నర్సును పిలిచాను. మామ్మ కళ్లు తెరిచి, పడుకోనియ్యవేటే అని కసిరింది. అంత తీయని తిట్టు నేనెప్పుడూ తినలేదు.

ఆమెకేమీ కాలేదు. మిగిలిన గింజలు నేనే చేతి తొడుగులు వేసుకుని నాటాను. పొత్తులు వచ్చాయి, సగం గింజలు లేని బోసి పొత్తులే. మామ్మ ఉడకబెట్టుకుని తింటుంటే నేను ఎదురుగా కూర్చున్నాను. ఇప్పటికీ ఆమె ఏదైనా నములుతుంటే నా కళ్లు గడియారం వైపు పోతాయి. ఆరు గంటలు దాటాక గానీ ఆ రోజు నాకు గడిచినట్టుండదు.