పిన్నిగారి ఫోన్లో డబ్బాలు

కింది వాటాలో అద్దెకుండే ఆటలాయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "నా దగ్గర బాగానే ఉంది!" కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేయడం ఆయన పని. ఏది చెడినా తప్పు లోకానిదే. ఒకసారి గొడుగు కొని, గదిలోనే తెరిచి చూసుకుని మురిసిపోయాడు. వీధిలోకి వెళ్ళాక అది తెరుచుకోలేదు. తడిసి ముద్దై గుమ్మంలో నిలబడి, "గదిలో బాగానే తెరుచుకుందండీ!" అని వానను నిలదీశాడు.

మేడమీద ఉండే పిన్నిగారిదే ఆ ఇల్లు. ఐదో తరగతితో బడి మానేసినా, అక్షరం కనబడితే పొట్లం కాగితాన్నైనా విప్పి చదవందే వదలరు. ఆవిడ ఫోన్ పాతది, మూల పగిలింది. ఆటలాయన రోజూ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, తన కొత్త ఆటను అందులో ఎక్కించి చూసేవాడు.

ఆ ఆటలో ఒక పిల్లి ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుంది. వాటిని చదివితేనే ఆట ముందుకు సాగేది. పిన్నిగారి ఫోన్లో మాత్రం పిల్లి వచ్చేది, ఉత్తరం విప్పేది, అందులో అక్షరానికో ఖాళీ నలుచదరపు డబ్బా!

"ఏం నాయనా, నీ పిల్లికి చదువు రాదా?"

"పిల్లికేం పిన్నిగారూ, నిక్షేపంలా ఉంది! ఎడిటర్లో, అంటే నేను ఆట తయారుచేసే చోట, ప్రతి అక్షరం ముత్యంలా కనిపిస్తోంది. నా దగ్గర బాగానే ఉంది! మీ ఫోనే..."

"నా ఫోన్ జోలికొస్తే ఊరుకోను! నీ గొడుగు సంగతి వీధి వీధంతా తెలుసు."

మూడు వారాలు ఇదే రభస. ఉత్తరం రంగు మార్చాడు, కాగితం మార్చాడు, పాపం పిల్లిని కూడా మార్చాడు. డబ్బాలు మాత్రం కదల్లేదు.

ఆయనకు పని ఇచ్చిన కంపెనీకి శుక్రవారం సాయంత్రానికల్లా ఆ ఆట చేరాలి. ఆ మధ్యాహ్నం కింద కేకలు వినబడి, పిన్నిగారు చీపురు అడిగే నెపంతో దిగి తలుపు పక్కన నిలబడ్డారు. ఫోన్ స్పీకర్లో కంపెనీ మనిషి అరుస్తున్నాడు.

"కొత్త ఫోన్లన్నిటిలో అక్షరాలొస్తున్నాయిగా! పాతవి వదిలేసి పంపెయ్. అలాంటి ఫోన్ ఇంకా ఎవరు వాడుతున్నారు?"

"ఎవరేమిటండీ? మా పిన్నిగారు వాడుతున్నారు! ఆవిడ ఫోన్‌కి ఏ రోగమూ లేదు, తప్పు నాది! ఆవిడ చదవలేని ఆట నేను పంపను. కావాలంటే ఇంకెవరితోనైనా చేయించుకోండి!"

పిన్నిగారికి ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు.

"మూడు వారాలు నా ఫోన్‌ను నానా మాటలన్నావు! తప్పు నీదని నాతో చెప్పడానికి నోరు రాలేదా?"

"మీరెప్పుడొచ్చారు?"

"చీపురు కోసం వచ్చాను."

"చీపురు మీ చేతిలోనే ఉందండీ."

"ఉంటే ఉంది! ముందిది చెప్పు. నీ కంప్యూటర్లో ఆ అక్షరాలు ఎక్కడివి?"

"అందులో ముందే ఉంటాయి. కొత్త ఫోన్లలోనూ ఉంటాయి. పాతవాటిలోనే ఉండవు."

"అంటే పొరుగింటి గిన్నెల్లో వండుకుని, ఇల్లు మారాక గిన్నెలేవని ఏడ్చినట్టుంది నీ యవ్వారం. ఆటను మూట కట్టినప్పుడు నీ అక్షరాలు నువ్వు కట్టావా?"

"బొమ్మలు కట్టాను, పాటలు కట్టాను, పిల్లిని కట్టాను..." అని వేళ్ళు మడుస్తూ మడుస్తూ ఆటలాయన ఆగిపోయాడు. కుర్చీలో కూలబడి కీబోర్డు అందుకున్నాడు.

గంటలో అక్షరాలతో సహా కట్టిన కొత్త మూట పిన్నిగారి ఫోన్లోకి ఎక్కింది. కళ్ళజోడు పైన ఉందంటూ ఆవిడ మేడెక్కారు. తీరా చూస్తే దాంతో పని పడలేదు. పిల్లి మొదటి ఉత్తరం విప్పింది. మొదటి రోజునుంచీ ఆవిడ డబ్బాలుగా చూస్తున్న ఉత్తరమే అది.

"మేడమీది పిన్నిగారికి, మొదటి ఉత్తరం మీకే. కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేకుండా అక్షరాలు పెద్దవి చేశాను. ఇకమీద రోజూ పొద్దున్నే వచ్చి విసిగిస్తాను, కోప్పడకండి."

కింద మెట్ల దగ్గర్నుంచి గొంతు వినబడింది. "పిన్నిగారూ! మళ్ళీ డబ్బాలేనా?"

ఈ రెండు ముక్కలూ నోటితో చెప్పి చావొచ్చుగా అని పిన్నిగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంకోసారి చదువుకుని, మెట్ల మీదకు వంగి, వీధి మలుపుదాకా వినబడేలా అరిచారు.

"పంపెయ్ నాయనా! నా దగ్గర బాగానే ఉంది!"